గీత ఎవరి కొలతకి?

బడిలో ఒక రూలు, కాలేజీలో ఇంకో రూలు, టీవీలో మరో రూలు. ఆట ఒక్కటే అయినా కొలతలు మారుతూ ఉంటాయి. మారాలి కూడా. కాకపోతే, మార్చేది ఎవరి కోసమన్నదే తేలాలి.

2023 అక్టోబరు 7, చైనాలోని హాంగ్‌ఝౌ నగరం. ఆసియా క్రీడల పురుషుల కబడ్డీ ఫైనల్లో భారత్, ఇరాన్ చెరి 28 పాయింట్ల మీద ఉన్నాయి. గడియారంలో మిగిలింది నిమిషం పైచిలుకు. భారత కెప్టెన్ పవన్ సెహ్రావత్ కూతకు వెళ్లాడు. అది డూ ఆర్ డై రైడ్, అంటే పాయింటు తేకుండా తిరిగొస్తే తనే ఔటు. ఇరాన్ డిఫెండర్లు మీదికి ఉరికారు. ఎవరినీ తాకకముందే పవన్ కాలు పక్కనున్న లాబీలో పడింది. అతన్ని తరిమిన ఊపులో డిఫెండర్లూ లాబీలోకి వచ్చేశారు. ఇప్పుడు ఔటయింది ఎవరు? పాత రూలు ప్రకారమైతే రైడర్‌తో పాటు అతని వెంట లాబీలో అడుగుపెట్టిన వాళ్లూ ఔటే. కొత్త రూలు ప్రకారమైతే రైడర్ ఒక్కడే. రిఫరీలు ఒక తీర్పు చెప్పారు, వెనక్కి తీసుకున్నారు, ఇంకోటి చెప్పారు. కాసేపు వీళ్లు, కాసేపు వాళ్లు మ్యాట్ మీదే బైఠాయించారు. దాదాపు గంటసేపు ఆట ఆగిపోయింది. ఆఖరికి భారత్ 33–29తో స్వర్ణం గెలిచింది కానీ, ఆ గంటంతా వాదన నడిచింది ఏ రూలు పుస్తకం తెరవాలన్న దాని మీదే.

ఆసియా క్రీడల ఫైనల్లోనే అంత గందరగోళం రేగితే, నల్లమల అంచున యర్రగొండపాలెంలో చదివే ఎనిమిదో తరగతి పిల్లాడి సంగతేమిటి? వాడు బడి తరఫున మండల స్థాయి, గెలిస్తే జిల్లా స్థాయి ఎస్‌జీఎఫ్ (స్కూల్ గేమ్స్ ఫెడరేషన్) పోటీలకు వెళ్తాడు. సంక్రాంతికో, తిరునాళ్లకో అద్దె మ్యాట్ పరిచి, ఫ్లడ్‌లైట్లు కట్టి కుర్రాళ్లు నడిపే పోటీల్లో అన్నల జట్టుకు ఒకడు తక్కువైతే వాణ్నే పిలుస్తారు. రాత్రికి ఫోన్లో ప్రో కబడ్డీ చూస్తాడు. 2025 ఆగస్టు 29న ఆ లీగ్ పన్నెండో సీజన్ విశాఖపట్నంలోనే మొదలయ్యేసరికి మన జిల్లాల్లో కబడ్డీ ముచ్చట్లు మళ్లీ ఊపందుకున్నాయి. ఆ సీజన్‌తోనే లీగ్ దశలో స్కోర్లు సమమైతే టైబ్రేకర్, అప్పటికీ తేలకపోతే ‘గోల్డెన్ రైడ్’ అన్న కొత్త పద్ధతి వచ్చింది. నెల తిరగకముందే అలాంటివి ఊరి పోటీల మైకుల్లోకీ ఎక్కుతాయి. ఇరవై ఏళ్లు నిండేలోపు ఈ కుర్రాడు ఒకే ఆటను మూడు రకాల రూళ్లతో ఆడాల్సి వస్తోంది. ఏ రూలు ఎక్కడిదో వాడికి విడమరిచి చెప్పేవాళ్లు ఎంతమంది?

తేడాలన్నీ ఒకే గాటన కట్టలేం

రూళ్లలో తేడా కనిపించగానే దాన్ని అన్యాయంగానో అయోమయంగానో చూడటం మనకు అలవాటు. ‘ఆట ఒక్కటే అయినప్పుడు రూలూ ఒక్కటే ఉండాలి’ అన్నది వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ ఆటల చరిత్ర మొత్తం దానికి ఎదురే చెబుతుంది. వయసును బట్టి, బలాన్ని బట్టి కొలతలు మార్చకుండా ఏ ఆటా పిల్లల దాకా రాలేదు. గుండు విసరడం చూడండి. పురుషుల గుండు 7.26 కిలోలు. ఇరవై ఏళ్ల లోపు అబ్బాయిలకి 6 కిలోలు, పద్దెనిమిది లోపు వాళ్లకి 5 కిలోలు. మహిళలది 4 కిలోలైతే, పద్దెనిమిది లోపు అమ్మాయిలది 3 కిలోలే. తేలిక గుండు విసిరినవాణ్ని మోసం చేశాడని ఎవరూ అనరు. ఆ తగ్గింపు లేకపోతే పదహారేళ్ల పిల్లాడు దూరం కోసం నడుము మెలిపెట్టి, భుజం కీలు మీద భారమంతా వేసి, నేర్చుకోవాల్సిన పద్ధతిని కాస్తా తప్పుగా నేర్చుకుంటాడు.

కాబట్టి తేడా ఉండటం తప్పు కాదు. ఆ తేడాను ఏ ఉద్దేశంతో పెట్టారన్నదే చూడాలి. ఆడేవాడి ఒంటిని చూసి పెట్టిన తేడా ఒక రకం. చూసేవాడి కళ్ల కోసం, ప్రసారం కోసం పెట్టిన తేడా ఇంకో రకం. రెండోదీ నేరమేమీ కాదు. పెద్దవాళ్లు డబ్బు తీసుకుని, ఫిజియోను పక్కన పెట్టుకుని ఆడే చోట అదీ ఉండొచ్చు. అది అక్కణ్నుంచి జారి పదమూడేళ్ల పిల్లల బరిలోకి వచ్చినప్పుడే చిక్కు.

కబడ్డీలో ఒంటిని చూసి గీసిన గీతలు బాగానే ఉన్నాయి. పెద్దవాళ్ల బరి 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. పదహారేళ్లలోపు సబ్ జూనియర్లది 11 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు. వైశాల్యంలో చూస్తే 130 చదరపు మీటర్లు, 88 చదరపు మీటర్లు. మూడో వంతు కోత అన్నమాట. నడి గీత నుంచి బాక్ లైన్ పెద్ద అబ్బాయిలకి 3.75 మీటర్లు, సబ్ జూనియర్లకి 3 మీటర్లు. దానికి మీటరు అవతల బోనస్ గీత. కూతకెళ్లినవాడు ఒక్కణ్నీ తాకకపోతే, బాక్ లైన్ దాటి వస్తే తప్ప ఆ కూత చెల్లదు. ఇప్పుడు ఆ ముప్పావు మీటరు విలువ చూడండి. చిన్న పిల్లాడి అడుగు చిన్నది, ఊపిరి చిన్నది. ఎదుట ఏడుగురు చేతులు కలుపుకుని కాచుకుని ఉంటారు. 3 మీటర్ల గీతను వాడు రెండడుగులు, ఒక దూకుతో ముట్టి తిరగగలడు. 3.75 దగ్గర ఇంకో అడుగు పడాలి. ఆ ఒక్క అడుగులోనే కార్నర్‌లో ఉన్నవాడు వెనక నుంచి చుట్టేసి చీలమండ అందుకుంటాడు. వెనక్కి తిరగబోతున్న కాలు, ముందుకు వాలిన ఒళ్లు, మధ్యలో మోకాలు. మోకాళ్లు దెబ్బతినేది ఇలాంటి చోటే.

మరి బడి గ్రౌండ్లలో జరుగుతున్నదేమిటి? చాలా చోట్ల ఉండేది ఒకే బరి. అది పెద్దవాళ్ల కొలతే. సున్నం గీత ఒకసారి పడితే అండర్–14 వాళ్లూ అందులోనే, అండర్–17 వాళ్లూ అందులోనే. పుస్తకంలో పిల్లల కోసం ఉన్న కొలత పిల్లల కాళ్ల కిందికి రావడం లేదు. పెద్దవాడి చెప్పులు వేసుకుని పరిగెత్తమన్నట్టు ఉంది మన పద్ధతి.

■ బరి కొలతల్లో తేడా
పురుషులు, జూనియర్ అబ్బాయిలు: 13 × 10 మీటర్లు. బాక్ లైన్ 3.75 మీటర్లు.
మహిళలు, జూనియర్ అమ్మాయిలు: 12 × 8 మీటర్లు. బాక్ లైన్ 3 మీటర్లు.
సబ్ జూనియర్లు: 11 × 8 మీటర్లు. బాక్ లైన్ 3 మీటర్లు.
ఆట సమయం: పురుషులకి 20 నిమిషాల చొప్పున రెండు భాగాలు, సబ్ జూనియర్లకి 15 నిమిషాల చొప్పున.
వయసు: సబ్ జూనియర్ 16 ఏళ్లు, జూనియర్ 20 ఏళ్లు. ఎస్‌జీఎఫ్ లెక్క వేరు: అండర్–14, 17, 19.
బరువు: పెద్దల్లో పురుషులకి 85 కిలోలు, మహిళలకి 75 కిలోలు మించకూడదు. చిన్నవాళ్లకి పరిమితి ఇంకా తక్కువ.

అమెరికా బడిలో ఎనిమిది నిమిషాలు

బడి ఆటను, కాలేజీ ఆటను వేర్వేరుగా చూడటంలో అమెరికా బాస్కెట్‌బాల్‌ను మించిన ఉదాహరణ లేదు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో హైస్కూలు జిమ్ముల్లో గ్యాలరీ మెట్ల మీద కూర్చున్న తెలుగు తల్లిదండ్రులకి ఈ తేడాలు ఈపాటికి కొట్టిన పిండే. హైస్కూలు మ్యాచ్ ఎనిమిది నిమిషాల క్వార్టర్లు నాలుగు, మొత్తం 32 నిమిషాలు. కాలేజీ పురుషుల మ్యాచ్ 20 నిమిషాల చొప్పున రెండు భాగాలు. కాలేజీ మహిళలది 2015–16 నుంచి పది నిమిషాల క్వార్టర్లు నాలుగు. మూడు పాయింట్ల గీత హైస్కూల్లో బుట్టకి 6.02 మీటర్ల దూరంలో ఉంటే, కాలేజీలో 6.75 మీటర్లు. పురుషుల అగ్రశ్రేణి కాలేజీలకి 2019–20లో, మహిళలకి 2021–22లో గీతను అంత దూరం జరిపారు. బంతి చేతికొచ్చాక కాలేజీ జట్టు 30 సెకన్లలో బుట్టలోకి విసరాలి. హైస్కూలు జాతీయ రూళ్లలో చాలాకాలం అలాంటి గడియారమే లేదు. 2022–23 నుంచి మాత్రం ఇష్టమున్న రాష్ట్రాలు 35 సెకన్ల గడియారం పెట్టుకోవచ్చన్నారు. ఇక్కడ బలవంతం లేకపోవడం గమనించాలి. గడియారం కొనాలి, దాన్ని నడిపే మనిషిని వెతకాలి. ఊరి బడికి అది భారమవుతుందని ఆలోచించారు.

అన్నింటికన్నా పనికొచ్చే ఉదాహరణ 2023–24లో జరిగిన మార్పు. అంతకుముందు హైస్కూల్లో ఒక భాగంలో ఏడో ఫౌల్ నుంచి ‘వన్ అండ్ వన్’ ఇచ్చేవారు. మొదటి ఫ్రీ త్రో పడితేనే రెండోది. మొదటిది తప్పిందంటే బంతి రింగుకు తగిలి పైకి లేస్తుంది, కింద నిలబడ్డవాళ్లంతా దాని కోసం మోచేతులు విసురుకుంటూ ఎగబడతారు. హైస్కూలు క్రీడా సంఘాల జాతీయ సమాఖ్య రూళ్ల కమిటీ గాయాల లెక్కలు తీసి చూసింది. రీబౌండ్ తోపులాటల్లోనే గాయాలు ఎక్కువని తేలింది. వన్ అండ్ వన్‌ను తీసేసి, క్వార్టర్‌లో ఐదో ఫౌల్ నుంచి నేరుగా రెండు ఫ్రీ త్రోలు ఇవ్వడం మొదలుపెట్టింది. కాలేజీ పురుషుల ఆటలో మాత్రం వన్ అండ్ వన్‌ను అప్పుడు ముట్టుకోలేదు. ఆఖరి నిమిషంలో ఆ ఒక్క త్రో మీద వేల మంది ఊపిరి బిగపట్టడం అక్కడ ఆటలో భాగం. ఒకే ఏడాది, ఒకే దేశం, ఒకే ఆట. బడి పుస్తకం పిల్లల మోచేతుల్ని చూసి మారింది, కాలేజీ పుస్తకం మారలేదు. నేను అడుగుతున్న తేడా ఇలాంటిదే.

బాస్కెట్‌బాల్ విషయంలో మన దగ్గర బడికైనా యూనివర్సిటీకైనా ఆధారం అంతర్జాతీయ సమాఖ్య పుస్తకమే. పది నిమిషాల క్వార్టర్లు నాలుగు, 24 సెకన్ల గడియారం, 6.75 మీటర్ల గీత. అదే సమాఖ్య పన్నెండేళ్లలోపు పిల్లల కోసం 2.60 మీటర్ల ఎత్తులో రింగు, చిన్న బంతితో మినీ బాస్కెట్‌బాల్‌ను ఎప్పుడో రూపొందించింది. మన బళ్లలో ఇనప స్తంభానికి బిగించిన రింగు 3.05 మీటర్ల దగ్గరే ఉంటుంది. కింద నిలబడ్డ ఆరో తరగతి పిల్లాడు బంతిని రెండు చేతులతో పొట్ట దగ్గర నుంచి పైకి ఎత్తి కుమ్మరిస్తాడు. వాడు నేర్చుకుంటున్నది బాస్కెట్‌బాల్ కానే కాదు.

కెమెరా కోసం పుట్టిన రూలు

ప్రో కబడ్డీ లీగ్ 2014 జులై 26న మొదలైంది. ఆ మొదటి సీజన్‌ను టీవీలో 43 కోట్ల మందికి పైగా చూశారని లెక్క చెప్పారు. అంతమంది చూడటానికి ఆటను కాస్త సానబట్టాల్సి వచ్చింది. వరసగా రెండు కూతలు ఖాళీగా పోతే మూడోది డూ ఆర్ డై. బరిలో ముగ్గురో అంతకన్నా తక్కువమందో మిగిలినప్పుడు రైడర్‌ను పడితే సూపర్ ట్యాకిల్, ఒక పాయింటు అదనం. కూతకి 30 సెకన్ల గడువు, తెర మీద తగ్గుతూ పోయే అంకెలు. వీటిలో కొన్ని తర్వాత అంతర్జాతీయ పోటీల్లోకీ వచ్చాయి. హాంగ్‌ఝౌ ఫైనల్లో నలిగింది అదే. పాత పుస్తకంలోకి కొత్త పేజీలు వచ్చి చేరాయి, పాత పేజీలు చింపారో లేదో ఎవరికీ స్పష్టంగా తెలియలేదు.

డూ ఆర్ డై ఎందుకు పెట్టారో సులువుగానే అర్థమవుతుంది. గెలుస్తున్న జట్టు బాక్ లైన్ ముట్టి వచ్చేస్తూ కాలం గడిపేస్తుంటే చూసేవాడికి విసుగు. మూడో కూతకైనా తేల్చుకోమని తోస్తే ఢీ తప్పదు. పాతికేళ్ల వృత్తి ఆటగాడు ఆ ఢీకి ఒళ్లు సిద్ధం చేసుకుని వస్తాడు. పదమూడేళ్ల పిల్లాడికి ఖాళీగా వచ్చిన కూతే పాఠం. ఎదుటివాళ్లు ఎలా నిలబడ్డారో చూసి, ఎవరి కాలు ముందుకు పడుతోందో గుర్తుపెట్టుకుని, ఊపిరి ఉండగానే వెనక్కి రావడం వాడు నేర్చుకోవాల్సిన మొదటి విద్య. మూడోసారి చావో రేవో అన్నప్పుడు ఆ విద్యకు చోటు ఉండదు, తెగింపు ఒక్కటే మిగులుతుంది. సూపర్ ట్యాకిల్ సంగతీ అంతే. ఇద్దరో ముగ్గురో మిగిలినప్పుడు తప్పుకుని బతకడం తెలివి. లీగ్ రూలు ఆ ఇద్దరినీ మీదపడి పట్టమని ఆశ పెడుతుంది. పెద్దల ఆటలో అది రక్తి కట్టిస్తుంది, పిల్లల ఆటలో ఇద్దరు సన్నటి కుర్రాళ్లు బరువైన రైడర్‌కు అడ్డంపడతారు.

ఖోఖోలోనూ ఇదే కథ. మామూలు ఖోఖోలో బరిలోకి దిగేది తొమ్మిదిమంది, తరిమే టర్న్ తొమ్మిది నిమిషాలు. 2022లో వచ్చిన అల్టిమేట్ ఖోఖో లీగ్‌లో ఏడుగురు, ఏడు నిమిషాలు. ‘వజీర్’ అని ఒకడు ఏ దిక్కుకైనా తిరిగి పరిగెత్తవచ్చు. మన తెలుగు యోధాస్ జట్టు ఆ తొలి ఫైనల్లో ఒడిశా చేతిలో 46–45తో ఒక్క పాయింటు తేడాతో ఓడింది. 2025 జనవరిలో ఢిల్లీలో జరిగిన తొలి ఖోఖో ప్రపంచకప్‌లోనూ ఈ వేగం ఆటే ఆడించారు. ఫైనల్లో నేపాల్‌ను భారత పురుషులు 54–36తో, మహిళలు 78–40తో ఓడించారు. గెలిచిన పురుషుల జట్టులో ప్రకాశం జిల్లా కుర్రాడు పోతిరెడ్డి శివారెడ్డి ఉన్నాడు. ఆ గెలుపు చూసి మన బళ్లలో పిల్లలు ఖోఖోకి ఎగబడటం మంచిదే. కానీ వాళ్లలో చాలామందికి ఇవాళ ఆడాల్సింది తొమ్మిదిమంది ఆటే.

■ ఒకప్పుడు మూడు కబడ్డీలు
రూళ్ల తేడా కొత్త జబ్బేమీ కాదు. పుస్తకం స్థిరపడక ముందు దేశంలో కబడ్డీ మూడు తీర్లుగా ఉండేది. ‘సంజీవని’లో ఎదుటివాణ్ని ఔట్ చేస్తే మనవాడు తిరిగి బతికి వస్తాడు. ‘గామిని’లో ఔటైనవాడు తిరిగి రాడు, జట్టంతా ఔటయ్యేదాకా బయటే. ‘అమర్’లో ఔటైనా బరిలోనే ఉంటాడు, ఎదుటివాళ్లకి పాయింటు మాత్రం వెళ్తుంది. ఇప్పటి కబడ్డీ సంజీవని బాటలో వచ్చింది. చెడుగుడు ఆడిన మన పాత తరం కూడా ఊరూరికీ తేడా రూళ్లతోనే ఆడింది, అయితే బరిలోకి దిగే ముందు ఏది ఆడుతున్నామో మాట్లాడుకునేది.

‘ముందే పెద్దాట నేర్పితే పోదా?’

ఇక్కడ ఎదురు వాదన ఒకటి బలంగా వస్తుంది, అదీ శిక్షకుల నుంచే. రేపు ఎలాగూ పెద్ద బరిలో, డూ ఆర్ డై రూలుతోనే ఆడాలి కదా, ఈ రోజు నుంచే అలవాటు చేస్తే తప్పేమిటి? చిన్న బరిలో పెరిగినవాడు పెద్ద బరిలో తేలిపోడా? ఈ భయానికి ఆధారం లేకపోలేదు. దానికి అమెరికాలోనే ఒక కథ ఉంది. అయోవా రాష్ట్రంలో అమ్మాయిల హైస్కూలు బాస్కెట్‌బాల్‌ను దశాబ్దాలపాటు ఆరుగురితో ఆడించారు. ముగ్గురు దాడికి, ముగ్గురు కాపుకి. నడి గీత ఎవరూ దాటకూడదు, బంతిని రెండుసార్లకు మించి నేలకు కొట్టకూడదు. అమ్మాయిలు కోర్టు మొత్తం పరిగెత్తలేరన్నదే దాని వెనకున్న నమ్మకం. ఊళ్లకు ఊళ్లు ఆ మ్యాచ్‌లకి కదిలొచ్చేవి. 1968లో డెనిస్ లాంగ్ అనే అమ్మాయి రాష్ట్ర టోర్నీలో ఒకే మ్యాచ్‌లో 111 పాయింట్లు చేసింది. ఇదంతా బాగానే ఉంది. కానీ కాపు వైపు ఆడిన అమ్మాయి హైస్కూలు మ్యాచ్‌ల్లో ఒక్క షాటైనా కొట్టకుండానే కాలేజీకి వెళ్లేది. అక్కడేమో ఐదుగురి ఆట, పూర్తి కోర్టు. అయోవాలో 1993 దాకా ఈ పద్ధతి నడిచింది.

అంటే ఒళ్లు చూసి రూలు మార్చామన్న మాట దానంతటదే కితాబు కాదు. ఆ మాట చాటున పాత అపోహ కూడా దాక్కోవచ్చు. మన కబడ్డీలో ఎదిగిన మహిళలకి సైతం చిన్న బరి ఎందుకో మళ్లీ ఒకసారి అడగాల్సిందే. వాళ్లు ఆడే ఆట చూశాక ఆ ప్రశ్న రాకుండా ఉండదు. అయితే అయోవా రూలును, 2.60 మీటర్ల రింగును ఒక్క తీరుగా చూడకూడదు. ఆరుగురి ఆట పిల్ల నుంచి సగం ఆటను లాగేసుకుంది. కిందికి దించిన రింగు పిల్లాడికి మొత్తం ఆటను అందేలా చేసింది. 11 మీటర్ల బరిలో కబడ్డీ ఆడిన పిల్లాడు కూత, పట్టు, బోనస్, లోనా (ఎదుటి జట్టు మొత్తాన్ని ఔట్ చేయడం) అన్నీ నేర్చుకునే బయటికి వస్తాడు. దూరం ఒక్కటే తగ్గింది. కాళ్లు పొడుగయ్యాక ఆ దూరం వాడికి దొరుకుతుంది. కొలత తగ్గించవచ్చు, విద్య తగ్గించకూడదు. శిక్షకుల భయానికి నా జవాబు ఇదే.

రెండో ఎదురు వాదన ఊరి నుంచి వస్తుంది. లీగ్ రూళ్లే లేకపోతే ఈ ఆటను ఎవరు పట్టించుకున్నారు? నిజమే. 2014కి ముందు కబడ్డీ ఆటగాడి పేరు ఒక్కటి చెప్పమంటే చాలామంది తడుముకునేవాళ్లు. తెలుగు టైటాన్స్ వచ్చాకే మన ఊళ్లలో పిల్లల చొక్కాల వెనక రైడర్ల పేర్లు కనిపించాయి. లీగ్‌కి ఆ గౌరవం దక్కాల్సిందే. పండగ పోటీల్లో పెద్దవాళ్లు సూపర్ ట్యాకిళ్లు పెట్టుకుంటే కాదనేవాళ్లు లేరు. నా అభ్యంతరమల్లా ఆ బరిలోకే పద్నాలుగేళ్లవాణ్ని దింపడం మీద. ప్రభుత్వం 2023 డిసెంబరు 26న మొదలుపెట్టిన ‘ఆడుదాం ఆంధ్ర’ పల్లెల్లో ఎప్పుడూ బరి ముఖం చూడని వాళ్లను కూడా ఆటకి రప్పించింది. పదిహేనేళ్లు నిండితే చాలు, అర్హులే అంది. పేర్లు రాసుకోవడానికి అది సులువు. కబడ్డీలో పదిహేనుకీ ముప్పైకీ మధ్య ఉన్న తేడా మాత్రం అంత సులువుగా చెరిగేది కాదు. క్రికెట్లోనో బ్యాడ్మింటన్‌లోనో ఆ తేడా స్కోరు బోర్డు మీద కనిపిస్తుంది. ఒకరి మీద ఒకరు పడే ఆటలో ఎముకల మీద కనిపిస్తుంది.

పద్దెనిమిది దాటాక

బడి దాటాక ఎదురయ్యే దూకుడు వేరు. ఇంటర్ దాకా ఎస్‌జీఎఫ్ పిల్లాణ్ని తన ఈడువాళ్లతోనే ఆడిస్తుంది. డిగ్రీలో చేరిన రోజుతో ఆ రక్షణ పోతుంది. ఉమ్మడి ప్రకాశం జిల్లా కాలేజీలకి ఒంగోలులో ఆంధ్రకేసరి విశ్వవిద్యాలయం 2022లో ఏర్పడింది. అక్కడి అంతర కళాశాలల పోటీలో, ఆపై భారత విశ్వవిద్యాలయాల సంఘం నడిపే పోటీల్లో వయసు వారీ విభాగాలు ఉండవు. పద్దెనిమిదేళ్ల మొదటి ఏడాది కుర్రాడికి ఎదురుగా ఇరవై రెండు, ఇరవై మూడేళ్ల పీజీ విద్యార్థి నిలబడతాడు. గీతలు మారవు, ఎదుటి మనిషి మారిపోతాడు. యర్రగొండపాలెం చుట్టుపక్కల పుల్లలచెరువు, దోర్నాల, త్రిపురాంతకం, పెద్దారవీడు మండలాల నుంచి వచ్చే కుర్రాళ్లు సన్నగా, చురుగ్గా ఉంటారు. బడి స్థాయిలో అదే వాళ్ల బలం. యూనివర్సిటీ ఎంపికల్లో ఒక్కసారి బరువైన కార్నర్ చేతికి చిక్కితే ఆ చురుకు పనికిరాదు. బస్సెక్కి వంద కిలోమీటర్లు దాటి ఒంగోలు వెళ్లి, ఒక పూటలో వెనక్కి వచ్చేసి, ‘మనకిక ఆట లేదు’ అనుకునేది ఇలాంటివాళ్లే.

ఇది ఆశ వదులుకున్న కుర్రాళ్ల సంగతి ఒక్కటే కాదు, ఇంట్లోవాళ్ల లెక్క కూడా ఇందులో ఉంది. 2024లో రాష్ట్రం ప్రకటించిన క్రీడా విధానం ఉద్యోగాల్లో క్రీడా కోటాను 2 శాతం నుంచి 3కి పెంచింది. మిర్చికి ధర ఏ ఏడు ఉంటుందో ఏ ఏడు పోతుందో తెలియని ఇంట్లో ఆ మూడు శాతం చిన్న మాట కాదు. కోటాకి చెల్లేది గుర్తింపు ఉన్న సంఘాలు, ఎస్‌జీఎఫ్, యూనివర్సిటీల పోటీల సర్టిఫికెట్లే. తిరునాళ్ల కప్పు గోడ మీద మెరుస్తుంది గానీ దరఖాస్తులో నింపడానికి గడి ఉండదు. పిల్లాడు ఎక్కువ రాత్రులు ఆడేది తిరునాళ్ల రూళ్లతో, వాడి భవిష్యత్తును తేల్చేది వేరే రూళ్లు. ఒకచోట పాయింటు తెచ్చిన అలవాటు ఇంకోచోట ఫౌల్ అవుతుంది. ఇది చెప్పాల్సిన పని వ్యాయామ ఉపాధ్యాయుడిది. ప్రాథమిక పాఠశాలల్లో ఆ పోస్టే ఉండదు. హైస్కూల్లో ఉన్న ఒక్కరి చేతిలోనే ప్రార్థన, డ్రిల్లు, క్రమశిక్షణ, అన్ని ఆటలూ. ఆయన చేతిలో సబ్ జూనియర్ కొలతల కాగితం పెట్టాల్సింది సంఘాలు, క్రీడా శాఖ.

ఖర్చు మాటకి వస్తే

‘రెండు బరులు ఎక్కడ గీస్తాం, స్థలం ఏది, డబ్బేది?’ అన్నది ఆఖరి అభ్యంతరం. స్థలం రెండు బరులకి అక్కర్లేదు. 13 × 10 బరి లోపలే 11 × 8 బరి ఇమిడిపోతుంది. నడి గీత రెండింటికీ ఒకటే. అటూ ఇటూ మీటరు లోపలికి చివరి గీత, పక్కల నుంచి మీటరు లోపలికి హద్దు, 3 మీటర్ల దగ్గర బాక్ లైన్, 4 దగ్గర బోనస్. పెద్ద బరి లాబీ గీతే చిన్న బరి హద్దు కూడా అయిపోతుంది. చిన్న బరిని విడిగా మొత్తం గీసినా అన్ని గీతలూ కలిపి వంద మీటర్లు దాటవు. రెంటికీ తేడా తెలియాలంటే పెద్ద బరికి సున్నం, చిన్న బరికి బట్టల నీలిమందు కలిపిన సున్నం చాలు. పండగ పోటీలు నడిపే కుర్రాళ్లకి ఆ ఖర్చూ లేదు. ఎంట్రీ ఫీజు, బహుమతి సొమ్ము, మ్యాచ్ టైము చదివే మైకులోనే ఏ రూళ్లతో ఆడిస్తున్నారో చదవాలి. పదహారు నిండనివాణ్ని ఏ జట్టులోనూ దింపకూడదని పోటీల నోటీసు కింద ఇంకో లైను రాయాలి. వయసు చూడటానికి ఆధార్ కార్డు అడగడం ఆ నిర్వాహకులకి కొత్తేమీ కాదు, పక్క ఊరివాణ్ని తెచ్చి ఆడించారని గొడవ వచ్చినప్పుడల్లా అడుగుతూనే ఉన్నారు.